చదివిన పాపానికి

మొన్న సెలవులకు బెంగళూరు నుంచి వచ్చిన మా మనవరాలు అన్నం సరిగా తినకుండా, ఫోను చేతిలోంచి దించకుండా, కల్లూరులోని మా ఇంటి మిద్దెమీద ఒక్కతే తిరుగుతూ ఉంటే, ఏదో పెద్ద కష్టమే వచ్చిపడిందనుకుని మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లెక్కి వెళ్ళి అడిగాను. తీరా సంగతి ఇది: ఆ పిల్ల ఒక నవల రాసిందట. అచ్చుకు ఇచ్చే ముందు చదివి మంచిచెడ్డలు చెప్పడానికి కొంతమందిని కుదుర్చుకుందట; వాళ్ళను బీటా రీడర్లంటారట. ముక్కూమొహం తెలియని ఆ జనంలో ఎవరో ఒకరు, మూడో అధ్యాయం దాటి చదవలేకపోయానని రెండు ముక్కలు రాసి పంపారట. అందుకు ఈ దుఃఖం. నీ కాలంలో నీకూ ఇట్లాంటివాళ్ళు ఉన్నారా అవ్వా, అని అడిగింది. ఉన్నారు, అన్నాను. అంతకు మించి చెప్పకుండా మెట్లు దిగి వచ్చేశాను. ఏడుపు వచ్చి దిగాననుకునేరు, కాదు. కోపం. వయసు తొంభై దాటినా, బీపీ మాత్రలు మూడు పూటలా మింగుతున్నా, ఇప్పటికీ ఆరని కోపం. ఆ పిల్లకు చెబితే అర్థం కాదు. నా ఈడువాళ్ళు ఇంకా ఎక్కడైనా కళ్ళద్దాలు సర్దుకుని ఇలాంటివి చదువుతూ ఉంటే, వాళ్ళకోసం రాస్తున్నాను.

ఆనాటి కర్నూలు మీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి రాజధాని వచ్చిపడిన కొత్త. ఊళ్ళో ఇళ్ళు చాలక సర్కారు ఆఫీసులను గుడారాల్లో పెట్టారు. ఎండలు ముదిరాక ఆ గుడారాల్లో గుమాస్తాలు తలకు తడిగుడ్డ చుట్టుకుని ఫైళ్ళు రాసేవాళ్ళు. మా అన్న అలాంటి ఒక గుడారంలో గుమాస్తా. ఆ ఉద్యోగం మా మేనమామ చెప్పిన ఒక్క మాటతో వచ్చింది. అన్నా వదినలు ఉన్న రెండు గదుల బాడుగ ఇంట్లోనే నేనూ ఉంటూ ఒక ఆడపిల్లల బడిలో టీచరుగా పనిచేసేదాన్ని. మా సొంత ఊరు కోడుమూరు దగ్గరది. నల్లరేగడి చేలు ఉన్న కుటుంబం మాది. మేనమామ ఆ ఊరికి పెద్ద.

నేను బడిలో చేరకముందు, టీచరు ట్రైనింగు ముగించుకుని ఊళ్ళో ఊరికే కూర్చున్న ఒక వేసవి ఉంది. వరసగా వానలు ఎగ్గొట్టి, జొన్న చేలు మొలక దశలోనే మాడిపోయి, పశువులను కటికవాళ్ళకు తోలుతున్న రోజులు. సర్కారు గంజి కేంద్రాలు పెట్టింది. మా ఊరి కేంద్రం మా మామ ఇంటి ముందరే. చుట్టుపక్కల పల్లెల జనమంతా తెల్లవారకముందే వచ్చి ముంతలు, సత్తు గిన్నెలు పట్టుకుని వరసగా కూర్చునేవాళ్ళు. సర్కారు పంపిన జొన్నలు మా మామ కొట్టంలో దిగేవి. అక్కడినుంచి కొంత గంజి తొట్టిలోకి, తక్కినది బండ్లమీద సంతకు. ఎవరో చెబితే విన్నది కాదిది, మా అమ్మ పంపితే పెరుగు తేవడానికి పోయి ఆ కొట్టం గుమ్మంలో నిలబడి నేను కళ్ళారా చూసింది. గంజి రోజురోజుకూ పలచబడి, చివరికి పోసిన తర్వాత కూడా ముంత అడుగు కనిపించేది. ఒక రోజు వరసలో నిలబడిన ఒక తల్లి భుజం మీది బిడ్డ నిద్రపోతున్నదనుకున్నాము అందరమూ. ఆమె వంతు వచ్చి, గంజి పోయించుకోవడానికి వంగినప్పుడు గాని తెలియలేదు. గరిటె పట్టుకున్నవాడు ఒక్క క్షణం ఆగి, ఆమెను పక్కకు జరగమని చెప్పి, వెనకామెకు పోశాడు.

ఆ గరిటె ఆగిన క్షణం నన్ను వదల్లేదు. కర్నూలు వచ్చాక, బడి వదిలిన తర్వాత సాయంత్రాలు, అరఠావు కాగితాలమీద పాళీ కలంతో రాస్తూ పోయాను. కూలి చేసుకునే ఒక తల్లి, ఆమె ఇద్దరు బిడ్డలు, ఊరి పెద్ద, గంజి తొట్టి, ఇవే నా నవల. మనుషులు మాట్లాడే చోటల్లా మా ఊరి మాటే రాశాను, ఎందుకంటే వాళ్ళు ఇంకో మాట మాట్లాడగా నేను వినలేదు.

రాయడం అయ్యాక అసలు కష్టం మొదలైంది: ఎవరికి చూపించాలి? ఇప్పటి పిల్లలు మీట నొక్కితే ఇరవైమందికి ఇరవై ప్రతులు పోతున్నాయి. అప్పుడు ఉన్నది ఒకటే ప్రతి. అది ఎవరి చేతికిస్తే నా ప్రాణం వాళ్ళ చేతికిచ్చినట్టు. ఇంట్లో చూపించే పని లేదు. చదువుకున్నవాడని, పద్యాలు కడతాడని పేరున్న మా బడి తెలుగు పండితుడికి ఇచ్చాను.

ఆయన దాన్ని వేసవి సెలవులు మొత్తం ఉంచుకున్నాడు. నేను రోజూ ఒక కొత్త రకంగా భయపడ్డాను: చెదలు పట్టి ఉంటుందని, ఇంటికొచ్చిన బంధువుల సామానులో పోయి ఉంటుందని, ఆయన కూతురు దాంతో పొయ్యి రాజేసి ఉంటుందని. బడి తెరిచాక తెచ్చి ఇచ్చాడు. తెరిచి చూద్దును గదా, కాగితం కాగితమంతా ఎర్రసిరా. ఎక్కడ ఎవరు 'ఉండాది' అన్నా కొట్టేసి 'ఉన్నది' అని రాశాడు. 'యాడ' కొట్టేసి 'ఎచ్చట'. మార్జిను పొడవునా 'గ్రామ్యము, గ్రామ్యము' అని. ఆ తల్లి, ఆ బిడ్డ ఉన్న చోట పేజీ మొత్తానికి అడ్డంగా గీత గీసి, 'జుగుప్సాకరము, తొలగించవలెను' అని రాశాడు. టీచర్లందరూ కూర్చునే గదిలో అందరి ముందూ నాకు హితబోధ కూడా చేశాడు.

"చూడమ్మాయీ, కావ్యంలో కరువు ఉండవచ్చును. గంజి వాసన ఉండరాదు."

ఆయన కర్నూలులో పుట్టి పెరిగినవాడే. ఆ కరువులో ఆయన కళ్ళకు గంతలు కట్టుకుని ఉండలేదు. నేను రాసిన మనిషి ఎట్లా ఉంది, ఆమె బాధ నిజమా కాదా, ఆ మాట ఒక్కటీ లేదు. ఆయన చదివింది అక్షరాలు. ఆ రోజు నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. కాగితాలు గుండెకు హత్తుకుని బయటికి వచ్చేసి, నీళ్ళ కుండ దగ్గర నిలబడ్డాను.

అక్కడికి ఆమె వచ్చింది. రెండో తరగతి టీచరు. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. క్రైస్తవ కుటుంబం, వాళ్ళ నాయన పల్లెలో చర్చి ఉపదేశి. మా ఊరికి పక్క ఊరే వాళ్ళది, అయినా కర్నూలు బడిలో కలిసిందాకా మేమిద్దరం ఒకరి మొహం ఒకరు ఎరగము. వాళ్ళు ఊరి బయటి పాలెంలోవాళ్ళు, మేము ఊళ్ళోవాళ్ళం. నేను ఆమెను అక్కా అనేదాన్ని. పండితుడి మాటలు ఆమె కూడా వినింది.

"నాకిస్తావామ్మే, చదివేదానికి?" అని అడిగింది. "నేను ఎర్రసిరాతో రాయను లే."

వారం లోపలే చదివి తెచ్చి ఇచ్చింది. బడి వెనక మెట్లమీద కూర్చుని, ఏ ఉపోద్ఘాతమూ లేకుండా చెప్పడం మొదలుపెట్టింది. వరసలో ఆడవాళ్ళు ఏడుస్తూ కూర్చున్నట్టు రాసినావు, మేము ఏడవలేదు, ముందెవరు వెనకెవరు అని జుట్లు పట్టుకుని కొట్లాడినాము, అంది. 'మేము' అన్న ఆ మాట వినగానే నేను తలెత్తి చూశాను. ఆ వేసవి ఆమె కూడా వాళ్ళమ్మతో కలిసి ఆ వరసలో కూర్చుందని అప్పటిదాకా నాకు తెలియదు. నేను మామ గుమ్మంలో పెరుగు చెంబు పట్టుకుని నిలబడినప్పుడు ఆమె నన్ను చూసే ఉంటుంది. ఆ సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ అడగలేకపోయాను. ఇక నవల చివరి అధ్యాయం. అందులో ఊరి పెద్ద పశ్చాత్తాపపడి ఆ తల్లి కాళ్ళమీద పడతాడు. ఆ కాగితాలను వేరు చేసి నా ఒళ్ళో పెట్టింది.

"ఇది నీ రాత గాదు. నీకు భయమేసి రాసినావు దీన్ని."

రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజు నేనే పోయి, ఎట్లా రాయాలో చెప్పు, అన్నాను. అది నాకు తెలీదు, చదివి వినిపిస్తా, నువ్వే వినుకో, అంది. అలా మొదలైంది మా పని. ఆదివారం చర్చి అయ్యాక ఆమె గదికి పోయేదాన్ని. ఆమె పైకి చదివేది, నేను గోడకు ఆనుకుని కూర్చుని వినేదాన్ని. నా వాక్యం ఇంకొకరి నోటినుంచి వినడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ఎక్కడ ఆమె నాలుక తడబడితే అక్కడ నా వాక్యం వంకర. ఎక్కడ ఆమె గొంతు చల్లబడితే అక్కడ నేను అబద్ధమాడాను. ఆమె ఏమీ అనేది కాదు, ఆగి నావైపు చూసేది. నేను కాగితం అడిగి తీసుకునేదాన్ని.

కొన్నాళ్ళకు, ఇది మావాళ్ళకు వినిపించాల, అంది. ఒక శనివారం బస్సెక్కి ఆమెతోపాటు వాళ్ళ పాలేనికి పోయాను. చర్చి ముందర బోదగడ్డి పందిరి కింద ఆడవాళ్ళు శెనక్కాయలు వొలుస్తూ కూర్చుని ఉన్నారు. నన్ను చూసి అందరూ మాటలు ఆపేశారు. ఎవరో పరుగున పోయి కొత్త చాప తెచ్చి దూరంగా వేశారు. అక్క వాళ్ళమ్మ, పళ్ళూడిన ముసలామె, ఆ చాపకేసి చూసి, "ఆడేమిటికి? ఈడ కూచోనీండి ఆ పాపను, నా పక్కన," అంది. కూర్చున్నాను.

వాళ్ళలో ఒక్కరికీ చదువు రాదు. అంతకంటే గొప్పగా చదివినవాళ్ళను నా జన్మలో చూడలేదు. గరిటెవాడు వచ్చిన చోటల్లా నవ్వారు, వాడి నడక ఎట్లా ఉంటుందో ఒకామె లేచి నడిచి చూపించింది. ఆ మాట ఆయమ్మ అనదు, ఈయమ్మ అంటుందని పంతాలకు పోయారు. చివరి అధ్యాయం కూడా, కావాలనే అనుకుంటాను, అక్క చదివింది. ఊరి పెద్ద కాళ్ళమీద పడిన చోట ముసలామె చెయ్యెత్తి ఆపింది.

"పట్టుకున్యాడా? ఎవురి కాళ్ళు?"

"ఆ బిడ్డ తల్లి కాళ్ళు," అంది అక్క.

అంతే. పందిరంతా నవ్వు. శెనక్కాయలు చెల్లాచెదురయ్యేటట్టు, కళ్ళవెంట నీళ్ళు కారేటట్టు నవ్వారు. ఆ నవ్వు నా చివరి అధ్యాయాన్ని చంపేసింది, మంచి పని చేసింది. అందరూ నవ్వుతున్నప్పుడు ఒకామె మాత్రం నవ్వలేదని ఆలస్యంగా గమనించాను. చూడగానే గుర్తుపట్టాను, ఆమె భుజం మీద ఇప్పుడు ఎవరూ లేరు. అందరూ లేచి పోతుండగా నా దగ్గరికి వచ్చింది.

"నా బిడ్డ పేరు రాసినావా అందులో?" అని అడిగింది.

రాయలేదు. నాకు తెలియదు. ఆమె చెప్పింది. ఆ పేరు ఇక్కడ రాయను. నా పుస్తకంలో ఉంది, అక్కడే ఉండాలి.

ఆ తర్వాత మూడు నాలుగు వారాలకోసారి అక్క ఊరికి పోతూ, నేను తిరగరాసిన భాగాలు పట్టుకుపోయి వాళ్ళకు వినిపించి, వాళ్ళన్నదంతా మోసుకొచ్చి నాకు చెప్పేది. నేను జీవితంలో అంత సంతోషంగా ఉన్న కాలం మరొకటి లేదు. కోపంతో రాస్తున్న పుస్తకం గురించి సంతోషమేమిటని మీరు అడగవచ్చు. నాకూ తెలియదు, అట్లాగే ఉండేది.

మా అన్న సంగతి చెప్పాలి. నేను బడికి పోయినప్పుడు నా పెట్టె తెరిచి చదివాడు. నాకు ఒక్క మాట చెప్పలేదు, వదినకూ చెప్పలేదు. ఆ కాగితాలను అట్లాగే పెట్టెలో సర్ది, మరుసటి ఆదివారం ఊరికి పోయి మామ ముందు కూర్చుని, అందులో ఏముందో మొదటినుంచి చివరిదాకా అప్పజెప్పాడు. ఎందుకు చేశావని తర్వాత అడిగితే, నా ఉద్యోగం ఆయన పెట్టిన భిక్ష, రేపు ఆయనకు తెలిస్తే నా గతేమిటి, అన్నాడు. భయపడ్డాడు, నిజమే. భయపడినవాళ్ళందరూ పరుగెత్తుకుపోయి చెప్పేయరు. అన్నమీద నాకు ఆ కోపం ఇప్పటికీ పోలేదు.

మామ వచ్చాడు. ఎలక్షన్లు దగ్గరపడుతున్న రోజులు. ఆయన నిలబడాలని చూస్తున్నాడు. తెల్లటి పంచె, భుజంమీద కండువా, మొహంనిండా నవ్వు. భోంచేసి, తాంబూలం వేసుకుని, నన్ను పిలిపించాడు.

"శానా బాగా రాసినావంట పాపా. మన ఇండ్లలో ఇట్ల రాసేవాళ్ళు యాడుండారు? నేనే అచ్చేపిస్తా. ఆ గంజి కత ఒక్కటి తీసెయ్. కరువు మనం తెచ్చిందా? దేవుడు తెచ్చింది."

"గంజిలో నీళ్ళు దేవుడు పోయలేదు మామా," అన్నాను.

వదిన కాఫీ గ్లాసు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. మామ కోప్పడలేదు. నవ్వి, నా తలమీద చెయ్యి పెట్టి, చిన్నదానివి, అని లేచిపోయాడు. నేను గెలిచాననుకున్నాను. ఆయన కోప్పడలేదంటేనే భయపడవలసిందని తెలియని వయసు.

సెలవులు అయ్యాక బడి మళ్ళీ తెరిచిన రోజు అక్క రాలేదు. యాజమాన్యం ఆమెను తీసేసింది. పాలెం జనాన్ని రెచ్చగొట్టే రాతలు చదివి వినిపించిందని, అలాంటి మనిషి ఆడపిల్లల బడిలో ఉండదగదని. యాజమాన్యానికి పెద్ద అయినాయన మా మామకు కావలసినవాడు. పండితుడు ఆ కాగితంమీద సాక్షిగా సంతకం పెట్టాడని కూడా తెలిసింది. రాతప్రతి ఆయనా చదివాడు గదా, అందులో ఉన్నది రెచ్చగొట్టేదేనని ధ్రువపరిచాడు.

ఆ మధ్యాహ్నమే బస్సెక్కాను. మామ వసారాలో మంచంమీద పడుకుని విసనకర్ర విసురుకుంటున్నాడు. ఎలక్షను పనులకు వచ్చినవాళ్ళు నలుగురు చుట్టూ ఉన్నారు. వాళ్ళను పంపేసి, మజ్జిగ తెమ్మని లోపలికి కేకేశాడు. నేను కూర్చోలేదు.

"ఆయమ్మ ఏం చేసింది మామా?"

"చదివింది గదా."

"రాసింది నేను."

"నువ్వు మా చెల్లెలి బిడ్డవు. నిన్నేం చేస్తాము పాపా?"

ఎంతో ప్రేమగా అన్నాడు. ఇన్నేళ్ళలో నన్ను ఎందరో ఎన్నో అన్నారు, ఏ తిట్టూ నాకు జ్ఞాపకం లేదు. ఆ ప్రేమ మాట మాత్రం ఒక్క అక్షరం పోకుండా జ్ఞాపకం ఉంది. నేను రాశాను, నేను బూతులాడినా, ఆయన మొహంమీద ఉమ్మేసినా, నాకేమీ కాదు. ఆ ఇంటి గడప నన్ను కాపాడుతుంది. ఆమె చదివింది. ఆమెకు ఏ గడపా లేదు. నా తప్పుకు నా చెంప పగలగొట్టి ఉంటే నేను ఆయన్ను ఏనాడో మరిచిపోయి ఉండేదాన్ని.

"ఆ కాగితాలు తెచ్చి నా చేతిలో పెట్టు," అన్నాడు మజ్జిగ గ్లాసు నావైపు జరుపుతూ. "రేప్పొద్దున ఆయమ్మ బడికి పోతుంది. నాకేమన్నా పగనా ఆమెమీద?"

అక్క తన పాలెంలో, ఇంటి ముందు చేట పెట్టుకుని కొర్రల్లో రాళ్ళు ఏరుతోంది. అక్కడికి పొలాలకు అడ్డంపడి నడిచే పోయాను. మామ అన్నదంతా చెప్పాను. ఇచ్చేస్తానని చెప్పాను. ఆ మాట అంటున్నప్పుడు నేను ఏదో త్యాగం చేస్తున్నాననే అనుకున్నాను. ఆమె చేట కింద పెట్టలేదు, తలెత్తలేదు.

"నీ పుస్తకం. ఇచ్చేస్తే ఇచ్చేయ్. నా కోసరం ఇచ్చినానని మాత్రం యాడా చెప్పొద్దు."

"ఉద్యోగం పోతాందక్కా."

"పోయింది. పోతాంది గాదు." అప్పుడు చూసింది నావైపు. అంత కోపం ఆమె మొహంలో ఎన్నడూ చూడలేదు. "మీ మామ నాకు బువ్వ పెట్టేవాడైతే గదా, ఆయప్ప తీసేస్తే నేను ఏడ్చేది? ఆ కాలంలోనే మేము ఏడవలేదని చెప్పినాను గదా నీకు. మా యమ్మ రోజూ అడుగుతాండాది, కడాకు ఏమాయ ఆ కత అని. పోయి రాయి."

లోపలినుంచి ముసలామె, ఎవురే అది, అని అడిగింది. అక్క మళ్ళీ తల వంచి రాళ్ళు ఏరసాగింది.

కాగితాలు ఇవ్వలేదు. ఆ వారమే నా ఉద్యోగానికి రాజీనామా రాసి ఇచ్చి, అన్న ఇంటినుంచి పెట్టె తీసుకుని కడపకు పోయాను. మా అమ్మ ఏడుస్తూ బస్సు దాకా వచ్చింది. మామతో తగువు పెట్టుకున్న పిల్లకు పెళ్ళి ఎట్లా అవుతుందన్నదే ఆమె దుఃఖం. కడపలో ఒక మిషను బడిలో నాకు పని దొరికింది. అదే మిషనువాళ్ళు అక్కను వేంపల్లె దగ్గర ఒక చిన్న బడికి పంపారు, కర్నూలులో వచ్చే జీతంలో సగానికి. కడపలో పెళ్ళిపత్రికలు, సినిమా కరపత్రాలు అచ్చువేసే ఒక చిన్న ప్రెస్సాయన, నా నవల చదవకుండానే, అచ్చు వేయడానికి ఒప్పుకున్నాడు. ప్రూఫులు అక్క దిద్దింది. చివరి అధ్యాయంలో ఊరి పెద్ద ఎవరి కాళ్ళమీదా పడడు. మెడలో దండతో జీపెక్కి, ఆ తల్లి కూలికి పోతున్న దారినే, ఆమెమీద దుమ్ము పోస్తూ పోతాడు.

నేను అది ఊహించి రాశాను. పుస్తకం వచ్చిన కొన్నాళ్ళకు అది నిజమే అయింది. మామ గెలిచాడు. నా పుస్తకం ఆయనకు ఒక్క ఓటు కూడా తగ్గించి ఉండదు. కర్నూలులో ఒక్క దుకాణం కూడా దాన్ని పెట్టుకోలేదు. కడపలో పెట్టుకున్న దుకాణంలో అది లెక్కల గైడుల కింద ఉండేది. అమ్ముడైన వాటికంటే అక్క సంచిలో వేసుకుని పల్లెలు తిరిగి చదివి వినిపించినవే ఎక్కువ.

ఇంకా ఒకటి మిగిలింది, అదీ చెప్పేస్తాను. కొన్నేళ్ళు గడిచి, నా పేరు అక్కడక్కడ వినిపించడం మొదలైన తర్వాత, కర్నూలులో ఒక సభకు పిలిచారు. వేదికమీద పండితుడు ఉన్నాడు, తలపాగాతో, ఇంకా లావయ్యి. లేచి, ఈ అమ్మాయి తొలి నవలను చేతిరాతలోనే చదివి, దిద్ది, ఒక రూపు తెచ్చిన భాగ్యం తనదేనని చెప్పాడు. సభ చప్పట్లు కొట్టింది. నేను లేచి, ఆ పుస్తకాన్ని దిద్దింది ఈయన కాదు, దిద్దినామె ఉద్యోగం ఊడగొట్టే కాగితంమీద ఈయన సంతకం ఉంది, అని చెప్పి అక్క పేరూ, పాలెం పేరూ, ఆ ఆడవాళ్ళ పేర్లూ నాకు తెలిసినంతవరకూ చెప్పాను. చప్పట్లు లేవు. అధ్యక్షుడు గడియారం చూసుకున్నాడు. మరుసటి రోజు పత్రికలో, రచయిత్రి తన గురువులను స్మరించుకున్నారని వచ్చింది.

అక్క మళ్ళీ కర్నూలు బడిలో అడుగుపెట్టలేదు. వేంపల్లె దగ్గరే రిటైరయ్యింది, అక్కడే పోయింది. నేను తర్వాత పదకొండు పుస్తకాలు రాశాను. ప్రతి ఒక్కటీ ఆమె పైకి చదవగా విన్న తర్వాతే అచ్చుకు పోయింది, ఆమె పోయిందాకా. ఆ తర్వాత నేను రాయలేదు. రాయలేకపోయానని కొందరు అంటారు. చదివేవాళ్ళు లేరు, అంతే.

పోయిన ఏడాది మా అబ్బాయి కారులో కోడుమూరు పోతూ నన్నూ తీసుకుపోయాడు. దారిలో మా ఊరి క్రాసు దగ్గర ఏదో పనిమీద ఆపి, తను అవతలి దుకాణానికి పోయాడు. నేను దిగాను. క్రాసులో మా మామ విగ్రహం. వెండి రంగు వేసి, చెయ్యి ముందుకు చాపి. కింద పాలరాతిమీద, కరువు కాలంలో పేదల ఆకలి తీర్చిన మహనీయుడని చెక్కారు. ఎంతసేపు చదివానో తెలియదు. తర్వాత తలెత్తి ఆ చెయ్యి చూశాను. అదే ఆ చెయ్యి, మజ్జిగ గ్లాసు నావైపు జరిపిన చెయ్యి.

విగ్రహం కింద నలుగురైదుగురు ఆడపిల్లలు కాలేజీ సంచులతో నిలబడి ఉన్నారు. పక్క ఊరి పాలెంవాళ్ళని వాళ్ళ మాటల్లో తెలిసింది. ఒకతె నర్సింగు, ఒకతె డిగ్రీ. అందరి చేతుల్లోనూ ఫోన్లు, అందరూ ఏదో చదువుకుంటున్నారు, ఎవరిది వాళ్ళు, పైకి వినిపించకుండా. వాళ్ళకు ఎవరూ చదివి వినిపించనక్కరలేదు. ఒకరు చదివితే పదిమంది విని, తగువాడి, నవ్వి, కథను మార్చేసే పందిరి ఇక ఎక్కడా వేయనక్కరలేదు. ఇదే కదా అక్కా నేనూ కోరుకున్నది, ఇంత బాగా జరిగింది, మరి నాకెందుకు ఈ గుబులు అనుకుంటూ, ఈ విగ్రహం ఎవరిది తల్లీ, అని అడిగాను.

"తెలీదవ్వా," అంది నర్సింగు పిల్ల. "బస్సు ఈడ ఆగుతాది. రా, నీడలోకి రా, ఎండ శానా ఉండాది."

ఆ క్రాసులో ఆయన నీడ తప్ప ఇంకో నీడ లేదు. పర్వాలేదు తల్లీ, అని చెప్పి, మా అబ్బాయి వచ్చిందాకా నేను ఎండలోనే నిలబడ్డాను.